అసలు – నకలు: కెర్నెల్‌లో బయటపడిన ఒక దోషం, దాని దిద్దుబాటు

దస్త్రం, దస్తావేజు, అసలు, నకలు – ఈ మాటలన్నీ పారశీ, ఉర్దూ, అరబీ భాషల నుండి కచేరీల ద్వారా మన భాషలోకి వచ్చి తెలుగు మాటలే అయిపోయినవి. ఇచ్ఛాపురం మొదలుకొని విజయనగరం వరకు ఏ పల్లెలోని రైతును అడిగినా అసలుకూ నకలుకూ గల భేదం చెప్పగలడు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము చెల్లించి ఒక దస్తావేజును చూడవచ్చును. దాని నకలు పొందవచ్చును. కాని చూడవచ్చినవాడు కలం తీసి ఆ రిజిస్టరులో ఒక్క అక్షరమైనా చేర్చడానికి వీలు లేదు. చదివే హక్కు వేరు, వ్రాసే హక్కు వేరు. ఈ రెండింటి నడుమ గల గోడ కూలిపోతే భూమి, పింఛను, పరీక్షలో వచ్చిన మార్కులు – వీనిలో దేనికీ నిలకడ ఉండదు.

నేడు ఆ రిజిస్టర్లలో అనేకం కంప్యూటర్లలోకి చేరినవి. అక్కడ కూడా ఈ గోడ ఉన్నది. దానిని కాపాడే బాధ్యత యంత్రంలోని ఒక ప్రోగ్రాముపై ఉన్నది. 2022వ సంవత్సరంలో, ప్రపంచమంతటా వాడుకలో ఉన్న లినక్స్ అనే వ్యవస్థలో ఆ గోడకు ఒక కన్నం ఉన్నట్లు తేలినది. ఆ కన్నం ఎట్లా ఏర్పడినది, ఎవరు కనుగొన్నారు, ఎట్లా పూడ్చారు అనే సంగతులను శాస్త్ర విద్యార్థులకే గాక ఇతరులకు కూడ అర్థమగునట్లు వివరించుటయే ఈ వ్యాసోద్దేశం.

కెర్నెల్ అనగా నేమి?

కెర్నెల్ అనే ఆంగ్లపదానికి గింజలోని పప్పు అని అర్థం. పలాస జీడిపప్పు ఎరిగిన మనకు ఈ పోలిక సులభంగా బోధపడుతుంది. జీడిగింజకు పైపెంకు ఉన్నట్లే కంప్యూటరుకు మన కంటికి కనబడే పై భాగాలున్నవి: అక్షరాలు కూర్చే ప్రోగ్రాము, లెక్కలు వేసే ప్రోగ్రాము, బొమ్మలు చూపే ప్రోగ్రాము. వీటన్నిటికీ లోపల ఉండి, యంత్రంలోని స్మృతిని, డిస్కును, తెరను ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించేది కెర్నెల్. ఏ ప్రోగ్రాము అయినా ఒక దస్త్రాన్ని చదవాలన్నా, వ్రాయాలన్నా కెర్నెల్‌కు విన్నవించుకోవలసినదే. నీకు చదివే హక్కు ఉన్నదా, వ్రాసే హక్కు ఉన్నదా అని విచారించి అనుమతి ఇచ్చేది అదే.

లినక్స్ కెర్నెల్‌ను 1991లో ఫిన్లండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. దాని మూలపాఠం ఎవరైనా చదువుకోవచ్చును, దిద్దవచ్చును, పంచుకోవచ్చును. దేశదేశాల వేలాది మంది చేతులు దానిపై పడినవి. నేడు ఇంటర్నెట్టుకు ఆధారమైన సర్వర్లలో అధికభాగం దానితోనే నడుస్తున్నవి. విద్యార్థుల చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ ఆ పప్పే.

చదవడం ఎట్లా జరుగుతుంది?

డిస్కు నుండి సమాచారం తీయడం యంత్రవేగంతో పోల్చితే చాల నిదానమైన పని. అందుచేత కెర్నెల్ ఒక ఉపాయం అవలంబిస్తుంది. ఎవరైనా ఒక దస్త్రాన్ని అడిగినప్పుడు దానిని డిస్కు నుండి తెచ్చి, సాధారణంగా 4096 బైట్ల పరిమాణం గల పుటలుగా స్మృతిలో ఉంచుకొంటుంది. తరువాత ఎంతమంది అదే దస్త్రాన్ని అడిగినా డిస్కు దాకా పోక ఆ పుటలనే చూపుతుంది. రికార్డు గదిలోని కట్టను ఒక్కసారి తెచ్చి బల్లపై పెట్టి, వచ్చిన వారందరికీ ఆ బల్లపైనే చూపించే గుమాస్తా పద్ధతి వంటిది ఇది.

స్మృతిలో ఉన్న ఆ పుట నిజానికి నకలే. అయినను చదివే వారందరికీ అదే అసలు. దానిలో ఒక అక్షరం మారితే, డిస్కుపై ఉన్న అసలు చెక్కు చెదరకపోయినా లోకానికి కనబడేది మారిన అక్షరమే. సక్రమంగా మార్పు జరిగిన పుటపై కెర్నెల్ ‘మాసినది’ అని ఒక గుర్తు పెట్టుకొని, తీరిక వేళ దానిని డిస్కుపై తిరిగి వ్రాస్తుంది. ఆ గుర్తు లేని పుటను డిస్కుకు పంపదు. ఈ రెండు విషయాలూ మున్ముందు అవసరమగును గనుక పాఠకులు గుర్తుంచుకోవలెను.

గొట్టం, అందులోని అరలు

ఒక ప్రోగ్రాము వెలువరించిన సమాచారం వెంటనే మరొక ప్రోగ్రాముకు చేరడానికి ‘పైపు’ అనే సాధనం ఉన్నది. డగ్లస్ మెకిల్‌రాయ్ సూచించగా కెన్ థాంప్సన్ 1973లో యూనిక్స్ వ్యవస్థలో దీనిని నిర్మించాడు. లినక్స్‌లోనూ ఇదే సాధనం ఉన్నది. పేరుకు గొట్టమే అయినా లోపల అది వలయాకారంగా అమర్చిన అరల వరుస. మామూలుగా 16 అరలుంటవి. ప్రతి అరలో ఏ పుటను చూడాలో తెలిపే చిరునామాతో పాటు, కొన్ని సంకేతాలు గల ఒక చీటి కూడ ఉంటుంది.

ఆ చీటిపై ఉండే సంకేతాలలో ఒకదాని భావం ‘కలుపవచ్చు’ అని. ఒక ప్రోగ్రాము గొట్టంలోకి పది అక్షరాలు వ్రాసినదనుకొందాం. పుటలో ఇంకా ఎంతో చోటు మిగిలి ఉంటుంది. తరువాత మరో పది అక్షరాలు వస్తే కొత్త పుట తీయడం వృథా గనుక పాత పుటలోనే, ఆగిన చోటు నుండి, వాటిని కలుపుతారు. ఆ పుట గొట్టానికి స్వంతమైనది గనుక ఇందులో తప్పు లేదు.

2006లో లినక్స్‌కు ‘స్ప్లైస్’ అనే కొత్త ప్రక్రియ చేరినది. ఒక దస్త్రాన్ని గొట్టంలోకి పంపేటప్పుడు అక్షరం అక్షరం నకలు చేయడం ఎందుకు? స్మృతిలో ఉన్న దస్త్రపు పుట చిరునామాను అరలో పెడితే చాలును గదా! ఇట్లా చేయడం వలన ఎంతో శ్రమ తగ్గుతుంది. అయితే ఇప్పుడు ఆ అర సూచిస్తున్న పుట గొట్టానికి స్వంతం కాదు. అది దస్త్రానిది, అందరూ చదివేది. దానిలో ఎవరూ ఏమీ కలుపరాదు. కావున ఆ అర చీటిపై ‘కలుపవచ్చు’ అనే సంకేతం ఉండనే కూడదు.

తుడవని పలక

దోషం సరిగా ఇక్కడే ఉన్నది. 2016 డిసెంబరులో వెలువడిన 4.9వ లినక్స్‌లో, అరలను నింపే రెండు చిన్న ప్రక్రియలు కొత్తగా చేరినవి. అవి అరలో కొత్త పుట చిరునామాను పెట్టినవి గాని, అంతకుముందు ఆ అరను వాడుకొన్నప్పటి చీటిని తుడవలేదు. బడిపిల్లవాడు నిన్నటి పాఠాన్ని చెరపకుండా పలకపై నేటి పాఠం వ్రాయడం వంటిది ఇది.

ఆశ్చర్యమేమనగా, ఈ లోపం మూడేండ్లకు పైగా ఎవరికీ హాని చేయలేదు. ఎందుకనగా ఆ కాలంలో ఒక పుటలో కలుపవచ్చునా, కలుపరాదా అనే సంగతిని చీటిని బట్టి గాక పుట ఏ జాతికి చెందినది అనే దానిని బట్టి తేల్చేవారు. చీటిపై పాత వ్రాత మిగిలి ఉన్నా దానిని నమ్మి చేసే పని ఏదీ లేదు.

2020 ఆగస్టులో వెలువడిన 5.8వ లినక్స్‌లో, కార్యక్రమాన్ని చక్కబరచే ఉద్దేశంతో ‘కలుపవచ్చు’ అనే సంగతిని చీటిపైకి మార్చారు. ఈ మార్పు తనంత తానుగా తప్పు కాదు. కాని తుడవని చీటీ, చీటిని నమ్మే పద్ధతీ ఒకచోట చేరేసరికి నిద్రిస్తున్న లోపం మేల్కొన్నది.

ఫలితం ఊహించుట కష్టం కాదు. మొదట ఒక ప్రోగ్రాము గొట్టంలోకి మామూలుగా వ్రాస్తుంది. అర చీటిపై ‘కలుపవచ్చు’ అని పడుతుంది. ఆ సమాచారాన్ని తీసివేయగా అర ఖాళీ అవుతుంది, చీటి మాత్రం మిగిలిపోతుంది. తరువాత చదివే హక్కు మాత్రమే గల ఒక దస్త్రపు పుటను స్ప్లైస్ ద్వారా ఆ అరలో పెడతారు. ఆపైన గొట్టంలోకి ఏమి వ్రాసినా కెర్నెల్ ఆ పాత చీటిని చూచి, దస్త్రపు పుటలోనే కలిపివేస్తుంది! గొట్టంలోకి వ్రాసేవానిని, ‘ఈ దస్త్రంపై నీకు వ్రాసే హక్కు ఉన్నదా?’ అని అడిగే వారెవరూ లేరు. అడగవలసిన అవసరం ఉన్నట్లు కెర్నెల్‌కే తెలియదు.

ఒక ఫిర్యాదు, ఎనిమిది బైట్లు

ఈ దోషాన్ని కనుగొన్నవాడు జర్మనీకి చెందిన మాక్స్ కెల్లర్‌మన్. ఇతరుల వెబ్‌సైట్లను నడిపిపెట్టే సంస్థలో అతడు ప్రోగ్రాములు వ్రాసేవాడు. ఆ సర్వర్లకు ఏయే సమయాలలో ఎవరెవరు వచ్చారో ప్రతిదినమూ ఒక చిట్టా తయారై, కుదించబడి, నిల్వ చేయబడేది. 2021 ఏప్రిల్‌లో ఒక ఖాతాదారు, తాను తీసుకొన్న చిట్టా విప్పుటకు రావడం లేదని ఫిర్యాదు చేశాడు.

కుదించిన ఆ చిట్టా చివర 8 బైట్లుంటవి. అందులో 4 బైట్లు సరిచూపు సంఖ్య, 4 బైట్లు మొత్తం పొడవు. కోమట్ల లెక్కల పుస్తకంలో పుట అడుగున వేసే మొత్తం వంటిది ఆ సంఖ్య; లోపలి వ్రాతకూ అడుగు మొత్తానికీ పొత్తు కుదరకపోతే ఎక్కడో తప్పు జరిగినట్లు లెక్క. చిట్టా లోపలి వ్రాత సక్రమంగానే ఉన్నది. అడుగు మొత్తం మాత్రమే తప్పు. కెల్లర్‌మన్ ఆ సంఖ్యను చేతితో దిద్ది ఫిర్యాదును ముగించాడు. కాని కొన్ని నెలలకు మళ్లీ అదే ఫిర్యాదు వచ్చినది, ఆపైన మరొకటి.

ఇట్టి సందర్భాలలో డిస్కు పాతదైపోయినదనో, కరెంటు హెచ్చుతగ్గులనో చెప్పి తప్పుకోవడం తేలిక. అతడు అట్లా చేయక చెడిన దస్త్రాలన్నిటినీ వెదికి ప్రక్కప్రక్కన పెట్టి చూచాడు. మొత్తం 37 దొరికినవి. నెలల చివరి దినాలలో అవి ఎక్కువగా కనబడినవి. చెడిన 8 బైట్లూ అన్నిటిలోనూ ఒకటే. వాటి ఆరంభంలో ‘పి’, ‘కె’ అనే రెండు రోమను అక్షరాలున్నవి. జిప్ అనే కుదింపు పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని మొదటి అక్షరాలవి. జిప్ దస్త్రంలోని విషయసూచిక వాటితో మొదలవుతుంది. జిప్ సూచిక చిట్టాలోకి ఎట్లా వచ్చినది?

ఆ సంస్థలో ఒక ప్రోగ్రాము ఖాతాదారు కోరినప్పుడు నెలలోని చిట్టాలన్నిటినీ ఒక జిప్‌గా కట్టి పంపేది. ప్రతి చిట్టాలోనూ చివరి 8 బైట్లను వదలి, మిగిలిన దానిని స్ప్లైస్ ద్వారా గొట్టంలోకి తోసేది; చివరి దినపు చిట్టా ముగియగానే సూచికను మామూలుగా వ్రాసేది. ‘కలుపవచ్చు’ అనే పాత చీటి వలన ఆ సూచిక చిట్టా ఆగిన చోటు నుండి, అనగా వదిలిన ఆ 8 బైట్ల మీదనే పడినది. నెల చివరి దినపు చిట్టాలే ఎక్కువగా చెడిపోవడానికీ, సరిగా 8 బైట్లే చెడిపోవడానికీ కారణం ఇదే.

ఇంతవరకూ తేలినా పెద్ద చిక్కు మిగిలి ఉన్నది. జిప్ కట్టే ఆ ప్రోగ్రాముకు చిట్టాలపై వ్రాసే హక్కే లేదు. మన ముఖలింగ క్షేత్రంలోని శాసనాలను గిడుగు రామమూర్తి పంతులుగారు స్వయంకృషితో చదవ నేర్చుకొన్నారని మనకు తెలుసు. శాసనపాఠంలో పొసగని అక్షరం కనబడితే చదివేవాడు మొదట తన కన్నును, తరువాత నకలును శంకించాలి. శిలను శంకించడం చిట్టచివరి మాట. ప్రోగ్రాములు వ్రాసేవారికి కెర్నెల్ అట్టి శిల. కాని తక్కిన కారణాలన్నీ తొలగిపోయిన పిమ్మట కెల్లర్‌మన్ శిలనే పరీక్షించాడు.

అతడు రెండు చిన్న ప్రోగ్రాములు వ్రాశాడు. మొదటిది ఒక దస్త్రంలో ‘ఎ’ అక్షరాలను మాత్రమే వ్రాస్తూ పోతుంది. రెండవది ఆ దస్త్రాన్ని చదవడానికి మాత్రమే తెరచి, స్ప్లైస్ ద్వారా గొట్టంలోకి పంపి, ఆపైన గొట్టంలోకి ‘బి’ అక్షరాలను వ్రాస్తుంది. ఎవరూ వ్రాయని ‘బి’లు దస్త్రంలో ప్రత్యక్షమైనవి. తప్పు కెర్నెల్‌దే అని నిరూపణ అయినది.

సగం సగంగా వెదకడం

కెర్నెల్ మూలపాఠంలో తప్పు ఎక్కడ ఉన్నది? 4.19వ లినక్స్‌లో ఈ వింత కనబడలేదు, 5.10లో కనబడినది. ఈ రెండింటి నడుమ జరిగిన మార్పులు 1,85,011. వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించడానికి జీవితకాలం చాలదు. నిఘంటువులో మాట వెదికేవాడు మొదటి పుట నుండి తిరగవేయడు. నడుమ తెరచి, తన మాట ముందున్నదా వెనుకనున్నదా చూచి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తాడు. ఇక్కడ కూడ నడిమి మార్పు వద్ద కెర్నెల్‌ను కట్టి పరీక్షిస్తారు. దోషం కనబడితే అది ముందరి సగంలో, లేకుంటే వెనుకటి సగంలో పుట్టినట్లు. ఇట్లా 17 పరీక్షలతో దోషి అయిన మార్పు దొరికినది. 

రెండు పంక్తుల మందు

దిద్దుబాటు రెండు పంక్తులు మాత్రమే. అరను నింపే ఆ రెండు ప్రక్రియలలోనూ ‘చీటిని సున్న చేయుము’ అనే ఒక్కొక్క పంక్తిని చేర్చారు. పలకను తుడిచి వ్రాయమని చెప్పడమే!

రోగం చిన్నదని దీని అర్థం కాదు. యంత్రంలో సామాన్య వాడుకరిగా ప్రవేశించినవాడెవడైనా, తాను చదవగలిగిన దస్త్రంలో మార్పు చేయవచ్చును. వాడుకరుల పేర్లుండే దస్త్రాన్నే మార్చి సర్వాధికారి కావచ్చును. పుటపై ‘మాసినది’ అనే గుర్తు పడదు గనుక, మరొక కారణాన ఆ పుట డిస్కుకు చేరితే తప్ప, యంత్రం మళ్లీ మొదలైనప్పుడు మార్పు మాయమవుతుంది. దొంగ అడుగుజాడలు కూడ మిగలవు. దస్త్రం పొడవు పెంచలేకపోవడం, ఒకసారి చేసే వ్రాత పుట హద్దు దాటలేకపోవడం వంటి కొన్ని పరిమితులు మాత్రం ఉన్నవి.

కెల్లర్‌మన్ 2022 ఫిబ్రవరి 20న కెర్నెల్ భద్రతా బృందానికి ఈ సంగతి తెలిపి, దిద్దుబాటును కూడ పంపాడు. మరునాడు ఆ దిద్దుబాటు కెర్నెల్ నిర్మాతలందరి చర్చావేదికకు చేరినది. ఒక ఆండ్రాయిడ్ ఫోనులో కూడ దోషం ఉన్నట్లు అదే దినం తేలినది. 23న దిద్దిన లినక్స్ వెలువడినది. 24న ఆండ్రాయిడ్ కెర్నెల్‌లోనూ దిద్దుబాటు చేరినది. మార్చి 7న వివరాలన్నీ బహిరంగంగా ప్రకటించబడినవి. ఈలోపు పంపిణీదారులకు తమ తమ ఏర్పాట్లు చేసుకొనే వ్యవధి దొరికినది. తాళం లోపాన్ని ముందు తాళం చేసినవానికి చెప్పి, బాగుచేసిన పిమ్మట ఊరికి చెప్పడం ఈ పద్ధతి. దోషానికి ‘డర్టీ పైప్’ అనే పేరు స్థిరపడినది. దాని నమోదు సంఖ్య సి.వి.ఇ. 2022-0847.

మనకేమి?

ఎక్కడో జర్మనీలో జరిగిన సంగతి మన జిల్లాలకు ఏమి సంబంధం అని కొందరు అడుగవచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినది. చెట్టు పడిపోయిన తరువాత, అది ఎవరి చెట్టు అని చెప్పగలిగేది రికార్డు ఒక్కటే. ఆ రికార్డు కాగితంపై ఉన్నా, కంప్యూటరులో ఉన్నా, దానిని చదివేవాడు దిద్దలేడనే నమ్మకమే దాని విలువ.

మన అక్షరమే ఒకప్పుడు ఒక దోషాన్ని బయటపెట్టినది. అది కెర్నెల్‌కు సంబంధించినది కాదు. అక్షరాలను తెరపై కూర్చే భాగానికి సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేక క్రమంలో కూర్చబడి వస్తే, ఆపిల్ సంస్థ ఫోన్లలో కొన్ని ప్రోగ్రాములు కుప్పకూలేవి. అదే నెల 19న ఆ సంస్థ 11.2.6వ సవరణ ద్వారా దానిని దిద్దినది. పెద్ద యంత్రాలలోని లోపాలు సామాన్యుని వాడుకలోనే బయటపడతవి. అతని ఫిర్యాదును చెవిని పెట్టేవారుంటే దిద్దుబాటు కూడ అవుతవి.

దిద్దుబాటు తయారైనంత మాత్రాన పని ముగియదు. అది ప్రతి యంత్రానికీ చేరాలి. ‘సవరణ సిద్ధంగా ఉన్నది’ అని ఫోను తెలిపినప్పుడు, తరువాత చూద్దామని నెలల తరబడి వాయిదా వేసేవాని ఇంట్లో, బాగుచేసిన తాళం బీరువాలోనూ, పాత తాళం తలుపుకూ ఉన్నట్లే.

విద్యార్థి మిత్రులు గమనించవలసినది మరొకటి ఉన్నది. ఈ పరిశోధనకు గొప్ప ప్రయోగశాల అవసరం కాలేదు. కావలసినవి మూడు: ఒక ఫిర్యాదును నమ్మే మనస్సు, చెడినవాటిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చే ఓర్పు, ఎవరైనా చదువుకోగల మూలపాఠం. మూడవది ఇప్పటికే అందరి ముందూ తెరచి ఉన్నది. ఒక పాత కంప్యూటరు, ఇంటర్నెట్టు ఉంటే శ్రీకాకుళంలోని విద్యార్థి కూడ లినక్స్ మూలపాఠాన్ని ఇంట కూర్చొని చదువవచ్చును. మొదటి రెండూ అలవరచుకొంటే, తుడవని పలక మరొకటి ఎక్కడ ఉన్నదో మన విద్యార్థి కంటనే పడవచ్చును.